కుందేళ్లను పెరట్లో వదలాలి, విషపు మొక్కల సంగతేంటి? (తిరుపతి)

కరకంబాడి_చెవులు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఉంటాం. రెండు ఆడ కుందేళ్లు, ఒక్కోటి రెండు కిలోలకి కాస్త తక్కువ. ఇప్పటిదాకా వరండాలో బోనులోనే పెరిగాయి. ఎండుగడ్డి, కొత్తిమీర, క్యారెట్ ఆకు తింటాయి. వానలకి పెరడంతా పచ్చబడింది కదా, పొద్దున కాసేపు సాయంత్రం కాసేపు నేల మీద వదలాలని ఉంది.

పెరడు సుమారు 20 అడుగులు, 15 అడుగులు. గోడ పక్కన పచ్చ గన్నేరు ఒకటి, ముద్ద నందివర్ధనం ఒకటి పెద్ద చెట్లున్నాయి. కుండీల్లో బిళ్ళగన్నేరు, ఎడారి గులాబి, కలబంద, మనీ ప్లాంట్. నేల మీద గరిక ఉంది, మధ్యమధ్యలో తెల్లపూల కలుపు. అది వయ్యారిభామో గడ్డి చామంతో నాకు తేడా తెలీదు. పక్క ఖాళీ ప్లాటులో జిల్లేడు, ఉమ్మెత్త, రంగురంగుల పూలగుత్తుల ముళ్లకంప. ఆ కంప కొమ్మలు గోడ మీదుగా మా వైపు వాలుతున్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లేమో పూజకి పూలు కావాలి, చెట్లు కొట్టొద్దంటున్నారు. "ఏది తినకూడదో జంతువుకే తెలుస్తుంది" అని ఒకరు, "మేక తినే ఆకు ఏదైనా కుందేలుకి పెట్టొచ్చు" అని ఇంకొకరు. నిజంగా ఏవి తీసేయాలి, ఏవి ఉంచొచ్చు? తెలీకుండా తినేస్తే మొదట ఏం చేయాలి?

---

గరికపోచ జవాబు:

ముందు ఆ రెండు మాటల సంగతి చూద్దాం.

జంతువుకి తెలుస్తుందనేది సగం నిజం. కడుపు నిండా ఎండుగడ్డి తిన్న కుందేలు చెట్టునున్న పచ్చి గన్నేరాకుని వాసన చూసి వదిలేయొచ్చు. ఆకలి మీద వదిలితే ఆ తెలివి పనిచేయదు. ఆకు వాడిపోయినా పనిచేయదు, ఎందుకంటే గన్నేరాకు ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. కోసి తెచ్చిన గడ్డిలో నాలుగు ముక్కలు కలిసిపోతే ఏరుకుని తినడం ఏ కుందేలుకీ చేతకాదు. పైగా కుందేలుకి వాంతి కాదు. కుక్క అయినా పిల్లి అయినా తేడా చేసింది కక్కేస్తుంది. కుందేలు మింగింది ముందుకు పోవాల్సిందే, వెనక్కి దారి లేదు.

మేక మాట పూర్తిగా తప్పు. మేక మేసింది ముందు పెద్దపొట్టలోకి పోతుంది, అక్కడి సూక్ష్మజీవులు కొన్ని విషాలను ఒంటికి పట్టకముందే విరగ్గొడతాయి. కుందేలుకీ అలాంటి సూక్ష్మజీవులున్నాయి గానీ అవి ఉండేది చిన్న పేగు దాటాక వచ్చే సీకం అనే సంచిలో. తిండి అక్కడికి చేరేసరికి విషం చిన్న పేగులోనే రక్తంలోకి వెళ్లిపోయి ఉంటుంది. సుబాబుల్ ఆకే చూడండి. అందులో మిమోసిన్ అనే విషం ఉంటుంది. మన మేకలు తిని అరిగించుకుంటాయి, అదే ఆకు కుందేలుకి రోజూ పెడితే బొచ్చు రాలిపోతుంది.

ఇప్పుడు మీ పెరడు. ప్రమాదం ఎక్కువ ఉన్నదాని నుంచి చెప్తాను.

పచ్చ గన్నేరు, మామూలు గన్నేరు, ఎడారి గులాబి, జిల్లేడు. ఈ నాలుగింటిలోనూ గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అనే విషాలు ఉంటాయి. ఆకు, పువ్వు, బెరడు, పాలు అన్నీ విషమే. పచ్చ గన్నేరులో గింజ మరీ ఘోరం. ఆకుపచ్చ కాయ పండి నల్లబడి కింద రాలుతుంది, లోపల గట్టి టెంక ఉంటుంది. కుందేలు ఆ టెంకను కొరికి చూస్తుంది, దాని పళ్లకి అదో ఆట. ఎడారి గులాబి పాలను ఆఫ్రికాలో బాణాలకి పూసేవాళ్లు, అంత పదునైనది. చెట్టు కొట్టనక్కర్లేదు గానీ దాని కింద నేల కుందేళ్లది కాదనుకోండి. ఎడారి గులాబి కుండీ మేడ మీదికి పోవాలి. ఎత్తు స్టూలు మీద పెట్టడం చాలదు, పువ్వులు రాలి కిందే పడతాయి.

బిళ్ళగన్నేరు చూడ్డానికి సాదాగా ఉంటుంది. కేన్సరుకి వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు దీన్నుంచే తీస్తారు. కుందేలుకి అందకూడదు. ఇది నేల మీద ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది, కుండీ తీసేసినా వానకి పిల్ల మొక్కలు లేస్తాయి. వేరుతో పీకండి.

రంగురంగుల పూలగుత్తుల కంప లంటానా, తలంబ్రాల చెట్టు అంటారు. ఆకు గరుగ్గా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన, కాడకి చిన్న ముళ్లు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్న రోజు ఏమీ కనిపించదు, రెండో రోజో మూడో రోజో తిండి మానేస్తుంది, చెవుల లోపలి తోలు, కంటి తెల్లభాగం పసుపెక్కుతాయి. అప్పటికి ఏ ఆకు తిన్నదో ఎవరికీ గుర్తుండదు. గోడ మీదుగా వాలిన కొమ్మలు కొట్టి, రాలిన ఆకు, నల్లకాయలు ఊడ్చేయండి.

ఉమ్మెత్త విషయంలో ఒక వింత ఉంది. కొన్ని కుందేళ్ల రక్తంలో ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ అనే విషాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతో ఉంటుంది, అవి కొంచెం ఉమ్మెత్త తిన్నా తట్టుకుంటాయి. మిగతావాటికి అది ఉండదు. మీ రెండింట్లో ఏది ఏ రకమో చూసి చెప్పలేం కాబట్టి "మా కుందేలు తింది, ఏమీ కాలేదు" అని ఎవరన్నా చెప్తే వినొద్దు.

నందివర్ధనం గన్నేరు కుటుంబంలోదే, పాలు కారుతుంది. గన్నేరంత తీవ్రం కాదు, అయినా మేత మాత్రం కాదు. కలబంద తోలు కింద పసుపు జిగురు విరేచనాలు పట్టిస్తుంది. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, చేమలాంటివాటిలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కొరికిన వెంటనే నోరు మండి చొంగ కారుతుంది. ఇవి నేరుగా చంపడం అరుదు గానీ నోటి మంటతో తిండి మానేస్తే పేగుల కదలిక ఆగిపోతుంది, కుందేలుకి అదే పెద్ద గండం.

వయ్యారిభామకీ గడ్డి చామంతికీ తేడా తేలికే. వయ్యారిభామ నిటారుగా లేస్తుంది, ఆకు క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటుంది, చిట్టచివర బియ్యపు గింజంత తెల్లపూలు గుంపులు గుంపులుగా ఉంటాయి. గడ్డి చామంతి నేలమీద పాకుతుంది, కాడ నూగుగా ఉంటుంది, ఒక్కో పొడుగు కాడకి ఒక్కటే పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ తెల్లరేకులు, రేకు అంచున మూడు నొక్కులు. గడ్డి చామంతి కుందేళ్లు ఇష్టంగా తింటాయి, పెట్టొచ్చు. తిరకాసంతా వయ్యారిభామ పూతకి రాకముందు. అప్పుడది నేలకి అతుక్కున్న ఆకుల చక్రంలా ఉంటుంది, లేతగా నోరూరిస్తుంది. ఆకు నడిమి ఈనె దాకా చీలి ఉంటే వయ్యారిభామ. అంచున పళ్లు మాత్రమే ఉండి చీలకపోతే గడ్డి చామంతి. మీ కుందేళ్లకి క్యారెట్ ఆకు అలవాటు కూడానూ, పోలిక చూసి ఇంకా తొందరగా నోరు పెడతాయి.

వయ్యారిభామని వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. చేతులకి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి, మనుషులకే దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. పూత రాకముందే పీకాలి, ఒక్క మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. పీకిన చోట ఖాళీగా వదిలేస్తే మళ్లీ అదే వస్తుంది. గరిక వేర్లు జానెడు దూరంలో గుచ్చి వారం రోజులు తడి ఆరకుండా చూస్తే ఆ వానల్లోనే అల్లుకుంటుంది.

---

పలమనేరు_మల్బరీ జవాబు:

గరికపోచ గారు మొక్కల సంగతి బాగా చెప్పారు. నేను దడి గురించి చెప్తా. పెరడంతా శుభ్రం చేసి వదులుదాం అనుకుంటే ఎప్పటికీ అవ్వదన్నా. పెరట్లో ఒక ముక్క శుభ్రం చేసి, ఆ ముక్క మీద జాలి బోను పెట్టుకోండి.

రెండు కుందేళ్లకి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు సరిపోతుంది. ఇనుప చట్రానికి వెల్డ్ మెష్ బిగించాలి, కోళ్ల జాలి వద్దు. కోళ్ల జాలిని కుందేలు కొరుకుతుంది, కుక్క ఒక్క పంజాతో చింపేస్తుంది. కన్ను అంగుళం దాటకూడదు, అరంగుళం అయితే పాము దూరడం కూడా కష్టం. పైన మూత ఉండాలి. మూత మీద గ్రీన్ షేడ్ నెట్ కప్పితే గాలికి ఎగిరొచ్చే ఆకులు లోపల పడవు, గద్దల బాధా ఉండదు. నెట్ అంచులు లోపలికి వేలాడకుండా కట్టండి, ఆ ప్లాస్టిక్ దారాన్ని కుందేలు మింగితే పేగులో చిక్కుకుంటుంది.

అడుగున నాలుగు వైపులా బయటికి అడుగు వెడల్పు జాలిని నేలమీద పరిచి ఇటుకలు పెట్టండి. కుందేలు చట్రం అంచునే తవ్వుతుంది, అడుగు దూరం నుంచి తవ్వాలని దానికి తట్టదు. తవ్వి పారిపోవడం ఒక్కటే కాదు, తవ్వినప్పుడు బయటపడే వేరు ముక్కలు కూడా నమలడానికే. మీరు కలుపు కత్తిరించి వదిలేస్తే జిల్లేడు వేరు అక్కడే ఉంటుంది కదా.

ఎక్కడ పెట్టాలంటే, పచ్చ గన్నేరు కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో చూసి, అక్కడి నుంచి ఇంకో మూడడుగులు ఇవతల. గోడకి కూడా మూడడుగులు. పక్క ప్లాటు నుంచి ఎవరైనా కంప కొట్టి విసిరితే గోడ వారనే పడుతుంది. కుందేళ్లని తెచ్చే ముందు మీరే బోనులో గొంతుక్కూచుని ఒకసారి నేల చూడండి. నిలబడి చూస్తే గరిక మాత్రమే కనిపిస్తుంది, వంగి చూస్తేనే కింద గన్నేరు మొలక కనిపిస్తుంది.

మొదటి రోజు పావుగంట చాలు. ముందు కడుపునిండా ఎండుగడ్డి తిననిచ్చి అప్పుడు దించండి. రోజుకి పది నిమిషాలు పెంచుకుంటూ పోతే వారం తిరిగేసరికి రోజుకి గంట దాటుతుంది. ఒక్కసారిగా పచ్చగడ్డి మీద పడితే పెంటికలు మెత్తబడతాయి, పొట్ట ఉబ్బుతుంది, అది చూసి విషం తినిందేమో అని కంగారు పడతారు. బోనుని రోజూ కొంచెం జరుపుతా ఉండండి. ఒకచోట వాడిన నేలకి రెండు వారాలు విశ్రాంతి ఇస్తే కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి బాధ తగ్గుతుంది, తడి నేలలో అది ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపలే, సాయంత్రం పొద్దుగూకినాకే. 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకి కష్టం, 35 దాటితే వడదెబ్బ.

కోసి తెచ్చే మేతలోనే ఇంకా పెద్ద ప్రమాదం ఉందన్నా. ఆవులకి పెట్టడానికి అమ్మే పచ్చగడ్డి కట్టని అలాగే పడేయొద్దు. విప్పి పరిచి చూడండి, గట్ల మీద కోసిన గడ్డిలో వయ్యారిభామ, ఆముదం ఆకు, పాలు కారే మొక్కల కాడలు కలిసి వస్తాయి. మామిడి తోటల్లో పూత కాలం, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తేనెమంచు పురుగుకి మందులు కొడతా ఉంటారు. ఆ చెట్ల కింద గడ్డి ఆ మూడు నెలలు ముట్టొద్దు. జొన్న మోకాలెత్తు లేతగా ఉన్నప్పుడు, కోసినాక మళ్లీ వచ్చే పిలకలోనూ సైనైడ్ విషం ఉంటుంది, అదీ వద్దు. మదనపల్లె వైపు వాళ్లకి ఒక మాట, టమాటా పండు చిన్న ముక్క పర్వాలేదు గానీ ఆకు, కాడ, పచ్చికాయ పెట్టకూడదు. వంకాయ, బంగాళదుంప ఆకులూ అంతే.

మల్బరీ ఆకు మంచిది. పట్టు పురుగులకి వేసే తోట కాబట్టి ఇష్టం వచ్చినట్టు మందు కొట్టరు. అయినా ఆకుముడత పురుగుకి ఒక్కోసారి మందు కొడతారు, రైతుని అడిగి, మళ్లీ పట్టు పురుగులకి ఆకు వేయడం మొదలుపెట్టినాకే తెచ్చుకోండి. పురుగు బతికిన ఆకు అయితే కుందేలుకీ పెట్టొచ్చు. మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి రెండు కిలోల కుందేలుకి రోజుకి ఐదారు ఆకులు చాలు.

---

నగరి_సీమ జవాబు:

ఇంత భయపెట్టేస్తే ఎవరన్నా కుందేలు పెంచుతారా? తలకోన అడవిలో కుందేళ్లు ఉన్నాయి, వాటికి ఎవరు గడ్డి ఏరి పెడుతున్నారు? లంటానా పొదల్లోనే దాక్కుంటాయి అవి. పెరట్లో వదిలేయండి, వాటికి తెలుసు.

---

గరికపోచ జవాబు:

అన్నా, తలకోనలో ఉండేది వేరే జంతువు. అది మన దేశపు అడవి కుందేలు, లెపస్ నైగ్రికోలిస్. ఇంట్లో పెంచే కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపువి, ఒరిక్టోలాగస్ క్యునికులస్. రెండూ జత కట్టవు, పిల్లల్ని కనే తీరే వేరు. అడవి కుందేలు పిల్ల కళ్లు తెరిచి, బొచ్చుతో పుడుతుంది, పెంపుడు కుందేలు పిల్ల గుడ్డిగా, నున్నగా పుడుతుంది. అడవిలోదానికి రాత్రంతా తిరిగి నచ్చింది ఏరుకునే వీలుంటుంది, ఒకటి నచ్చకపోతే పదడుగుల అవతల ఇంకోటి. 8 అడుగుల బోనులో ఉన్నదానికి ముందున్నదే మేత. పొదలో దాక్కోవడం, ఆ పొదని తినడం ఒకటి కాదు కదా. పైగా అడవిలో చచ్చినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

---

పశువైద్యం_తిరుపతి జవాబు:

ఇక తింటే ఏం చేయాలన్న ప్రశ్నకి జవాబు.

మొదట నోట్లో మిగిలింది తీయండి. ముందు పళ్ల మధ్య వేలు పెట్టొద్దు, కొరుకుతుంది. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ నుంచి వేలు పక్కగా పోనిచ్చి ఆకు ముక్కలు లాగేయాలి. కుందేలు చురుగ్గా ఉంటేనే, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి 2 నుంచి 3 మి.లీ. నీళ్లు మెల్లగా వదిలి, తల కొంచెం కిందికి వంచి కారిపోనివ్వండి. మత్తుగా ఉంటే చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండో పని, తిన్న మొక్క కొమ్మని ఆకు, పువ్వు, కాయతో సహా కవర్లో వేసుకోండి. ఎన్ని గంటలకి, ఎంత తిన్నదో రాసుకోండి. "ఏదో పచ్చగా తిన్నది" అంటే డాక్టరు చీకట్లో బాణం వేసినట్టే.

చేయకూడనివి చాలా ఉన్నాయి. ఉప్పునీళ్లు, పచ్చిగుడ్డు, పాలు, మజ్జిగ, నూనె, ఆముదం ఏదీ పోయొద్దు. వాంతి చేయించడం కుందేలులో సాధ్యం కాదు, ప్రయత్నిస్తే ఊపిరాడక పోతుంది. మనుషులకి విరేచనాలు ఆపడానికి ఇచ్చే బిళ్లలు వద్దు, అసలే మందగించిన పేగుని పూర్తిగా ఆపేస్తాయి. బొగ్గు తినిపించమని ఎవరన్నా అంటారు. వాడేది యాక్టివేటెడ్ చార్‌కోల్, కిలో బరువుకి సుమారు 1 గ్రాము, నీళ్లలో కలిపి, తిన్న గంట రెండు గంటల్లోపు ఇస్తేనే ఎక్కువ ఉపయోగం. పొయ్యి బొగ్గు, కొబ్బరిచిప్ప మసి ఆ పని చేయవు. అది కూడా డాక్టరు చేతుల్లో ఇవ్వాల్సిందే.

లక్షణాలు మొక్కని బట్టి మారతాయి. గన్నేరు జాతికి కొన్ని గంటల్లోనే చొంగ, నీళ్ల విరేచనం, నీరసం, చెవులు చల్లబడటం, గుండె దడ తప్పి నెమ్మదించడం. లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు, గన్నేరు నమలడం చూస్తే చాలు, వెంటనే బయల్దేరాలి. ఉమ్మెత్తకి కంటిపాప పెద్దదవుతుంది, నోరు ఎండుతుంది, పెంటికలు ఆగిపోతాయి. ఆముదం గింజ, గురువింద గింజ కొరికితే కొన్ని గంటల నుంచి ఒక రోజు తర్వాత నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. నమలకుండా మింగిన గింజ ప్రమాదం తక్కువ, కానీ కుందేలు నమలకుండా ఏదీ మింగదు.

పురుగుమందు తగిలిన గడ్డి తింటే చొంగ, కంటిపాప చిన్నదవడం, వణుకు. దీనికి విరుగుడు అట్రోపిన్. ఇక్కడే గరికపోచ గారు చెప్పిన ఎంజైమ్ అడ్డొస్తుంది. అది ఉన్న కుందేలులో అట్రోపిన్ తొందరగా విరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, కొందరు గ్లైకోపైరొలేట్ అనే ఇంకో మందు కూడా వాడతారు. ఎక్కువగా ఆవులు, గేదెలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ మాట గుర్తు చేయడంలో తప్పులేదు.

ఇంకోటి గుర్తు చేయాల్సింది యాంటీబయాటిక్. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే కుందేలు సీకంలోని మంచి బ్యాక్టీరియా చచ్చి క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది. మొక్క విషం నుంచి బయటపడ్డ కుందేలు దానివల్ల పోతుంది. అవసరమైతే ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫాలాంటివి ఉన్నాయి. అలాగే పెరట్లో తిరిగాక గోమార్లు పట్టాయని కుక్కలకి వాడే ఫిప్రోనిల్ స్ప్రే కొట్టొద్దు, అది కుందేలుకి విషం.

ఏ మొక్కో తెలీకపోయినా సరే, 10 నుంచి 12 గంటలు తిండి ముట్టకపోతే, పెంటికలు చిన్నవై ఆగిపోతే, మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతుంటే అది అత్యవసరం. మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 38 కంటే తగ్గితే గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి బయల్దేరండి. పొట్ట డప్పులా బిగిసి ఉంటే సిరంజితో మేత పెట్టకండి.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి ఉంది, ఆ కాలేజీ 1955 నుంచి నడుస్తోంది. అక్కడికెళ్లినా ప్రైవేటుకెళ్లినా, కుందేళ్లని ఎవరు చూస్తారో, ఏ వేళల్లో ఉంటారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. రాత్రి పదింటికి కుందేలుని ఒళ్లో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టకూడదు.

---

కరకంబాడి_చెవులు మళ్లీ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఎడారి గులాబి, బిళ్ళగన్నేరు రేపే మేడ మీదికి పోతాయి. బోను గోడకి దూరంగా, మధ్యలో పెడతాం. ఇంకో రెండు డౌట్లు. రోజూ పూజ చేసిన పూలు పెరట్లో ఒక మూల చెట్టు మొదట్లో వేస్తాం, కాళ్లకి తగలకూడదని. అందులో గన్నేరు పూలు ఉంటాయి. అది పర్వాలేదా? చంద్రగిరి దగ్గర బంధువుల చేను నుంచి చెనిక్కాయల కట్టె (కాయలు తీసేశాక మిగిలే ఎండు వేరుశెనగ మొక్కలు) ఒక మోపు ఇస్తామంటున్నారు, ఎండుగడ్డికి బదులు పెట్టొచ్చా?

---

గరికపోచ జవాబు:

నిర్మాల్యం సంగతి అడిగి మంచిపని చేశారు, చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. వాడిపోయిన గన్నేరు పువ్వు కుందేలుకి పచ్చిదానికంటే రుచి, విషం ఏమీ తగ్గదు. మూత ఉన్న పాత బకెట్టుకి అడుగున రంధ్రాలు చేసి అందులో వేయండి, మట్టి కలుపుతూ ఉంటే ఎరువవుతుంది, తొక్కే బాధా ఉండదు. ఆ ఎరువు పూర్తిగా మురిగాకే వాడండి, ఆకు ఆకారం కనిపిస్తుంటే ఇంకా కాలేదని అర్థం. గన్నేరు కొమ్మలు కత్తిరిస్తే కాల్చొద్దు, పొగ కూడా మంచిది కాదు. కత్తిరించిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కుందేళ్ల మేత పట్టుకోండి. ఇంకో మాట, చీమల సుద్ద, ఎలుకల మందు బిళ్లలు కూడా పెరట్లో ఉంటే తీసేయండి. ఎలుకల మందు గోధుమ వాసనకి కుందేలు నేరుగా వెళ్తుంది.

---

పలమనేరు_మల్బరీ జవాబు:

చెనిక్కాయల కట్టె మంచి మేతే, కానీ ఏ పంటదో అడగండి. వానాకాలం పంట అయితే పీకేది అక్టోబరు, నవంబరులో. సరిగ్గా అప్పుడే మనకి ఈశాన్య వానలు. తడిసిన కట్టె కుప్ప లోపల బూజు పడుతుంది, పైన మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటే కుందేలు కాలేయం తట్టుకోలేదు. దీనికి బాగా తొందరగా లొంగిపోయే జంతువుల్లో కుందేలు ఒకటి. ఆవు తిని బాగానే ఉంది అంటే లెక్క కాదు.

మోపు మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, ముక్కవాసన వచ్చినా, దులిపితే పొడి లేచినా, ఆకు మీద నల్ల, పచ్చ మచ్చలున్నా మొత్తం వదిలేయండి. బాగున్న భాగం ఏరి పెట్టే పని వద్దు, కడిగినా ఎండబెట్టినా ఆ విషం పోదు. కాయలు మిగిలి ఉంటే తెంపేయండి, బూజు మొదట కాయకే పడుతుంది. ఎండాకాలం పీకిన పంట కట్టె అయితే ఎండి గలగలలాడుతుంది, అది తెచ్చుకోండి. అది కూడా ఎండుగడ్డికి బదులు కాదు, పప్పుజాతి కాబట్టి బలం ఎక్కువ. మేతలో నాలుగో వంతు మించకుండా పెట్టండి, మిగతా అంతా గడ్డే ఉండాలి. నేలకి తగలకుండా చెక్కల మీద పేర్చి, ప్లాస్టిక్ పట్ట కప్పకుండా గోనెపట్ట కప్పండి. ప్లాస్టిక్ కింద చెమ్మ పట్టి మంచి కట్టె కూడా బూజు పడుతుంది.

---

నగరి_సీమ జవాబు:

సరే, వెనక్కి తగ్గాను. అయితే అడుగుతా, మా ఇంట్లో మందారం, జామ, అరటి, మునగ ఉన్నాయి. వీట్లో ఏది పెట్టొచ్చు?

---

గరికపోచ జవాబు:

మందారం ఆకు, పువ్వు రెండూ పెట్టొచ్చు. జామ ఆకు రెండు మూడు, లేత కొమ్మ అయితే ఇంకా మంచిది, నమిలితే పళ్లు అరుగుతాయి. అరటి ఆకు ముక్క పర్వాలేదు, అరటిపండు మాత్రం గోరంత ముక్క వారానికి రెండుసార్లే, తీపి ఎక్కువ. మునగాకులో కాల్షియం ఎక్కువ, రోజూ పెడితే మూత్రం సున్నంలా చిక్కగా వస్తుంది, వారానికి రెండుసార్లు ఒక్కో రెమ్మ చాలు. ఏదైనా సరే కొత్త ఆకు మొదటిసారి ఒక్కటే పెట్టి, మర్నాటిదాకా పెంటికలు చూసి, గుండ్రంగా గట్టిగా ఉంటేనే రెండోది. ఒకే రోజు రెండు కొత్త రకాలు పెట్టొద్దు, తేడా చేస్తే ఏది చేసిందో తెలీదు.